మిషిగన్ చలికి టెస్లా మోడల్ 3 టైర్లు: గేజ్ పెట్టి కొలిచిన ఏడు నెలల డైరీ

సెప్టెంబర్ 21, 2024, శనివారం. ఓడోమీటర్ 31,460 మైళ్లు

ఈ పని పోయిన ఫిబ్రవరిలోనే మొదలుపెట్టాల్సింది. నోవైలో మా కాలనీ లోపల చిన్న దిగువ ఉంది, దాని చివర స్టాప్ బోర్డు. ఆ రోజు పొద్దున రోడ్డు మీద మంచు ఉంది, కారు గంటకు 15 మైళ్ల వేగం కూడా లేదు. బ్రేక్ తొక్కాను. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కాలి కింద గడగడలాడింది గానీ కారు ఆగలేదు. గీత దాటి సగం కారు పొడవు ముందుకు జారి నిలబడింది. ఎదురుగా ఫుట్‌పాత్ మీద ఒకావిడ స్ట్రాలర్‌లో పసిపాపతో ఆగిపోయి మావైపే చూస్తోంది. పక్క సీట్లో మా ఆవిడ ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. "ఆల్ వీల్ డ్రైవ్ ఉంది కదా, మనకేం భయం" అని నాలుగు శీతాకాలాలుగా చెప్పుకుంటూ వచ్చిన మాట ఆ రోజుతో ఆపేశాను. నాలుగు చక్రాలకూ మోటారు బలం అందితే కారు కదలడానికి పనికొస్తుంది. ఆగేటప్పుడు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ బ్రేకులు ఉంటాయి, అక్కడ మనకు ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు. పైగా మా కారు బరువు 1,840 కిలోల దాకా ఉంటుంది. ఆపాల్సిన బరువే ఎక్కువ.

కారు 2021 మోడల్ 3 లాంగ్ రేంజ్, 18 అంగుళాల చక్రాలు, టైరు సైజు 235/45 ఆర్18. కొన్నప్పుడు వచ్చిన ఆల్ సీజన్ టైర్లే ఇప్పటికీ ఉన్నాయి. మార్చలా వద్దా, మారిస్తే ఏం వేయాలి అన్నది ఈసారి ఊహ మీద కాకుండా కొలత మీద తేల్చాలని ఈ డైరీ పెట్టాను.

ఇక్కడ అందరూ చేసే నాణెం పరీక్ష నేనూ ఆగస్టులో చేశాను. క్వార్టర్ (పావు డాలరు) బిళ్లను తలకిందులుగా టైరు గాడిలో పెడతారు. వాషింగ్టన్ తల పైభాగం టైరులో మునిగితే గాడి లోతు కనీసం 3.2 మిల్లీమీటర్లు ఉన్నట్టు. పెన్నీ (ఒక సెంటు) మీది లింకన్ తలతో చూస్తే 1.6 తెలుస్తుంది, అంతకంటే తగ్గితే టైరు పని అయిపోయినట్టే. నా టైర్లు క్వార్టర్ పరీక్షలో గట్టెక్కాయి. కానీ నిలబడి వంగి, కనపడే బయటి గాడిలోనే బిళ్ల పెట్టాను. ఈరోజు డిజిటల్ గేజ్ కొని, నేల మీద పడుకుని, ఒక్కో టైరుకు బయట, మధ్య, లోపల మూడేసి చోట్ల గాడి లోతు మిల్లీమీటర్లలో కొలిచాను.

ముందు టైర్లు రెండూ దాదాపు ఒకేలా ఉన్నాయి, అన్ని చోట్లా 4.0 దగ్గర. వెనక ఎడమది బయట 3.9, మధ్యలో 3.6, లోపల 2.8. వెనక కుడిది బయట 3.9, మధ్యలో 3.5, లోపల 2.4. ఆ 2.4 చూసి గేజ్ తుడిచి మళ్లీ పెట్టాను. మళ్లీ 2.4.

కొత్తలో ఈ టైర్లు 7 మిల్లీమీటర్లు ఉండేవి. మాన్యువల్‌లో స్పష్టంగా ఉంది: 6,250 మైళ్లకోసారి గానీ, టైర్ల మధ్య తేడా 1.5 మిల్లీమీటర్లు వచ్చినప్పుడు గానీ ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చాలి. నేను 14,000 మైళ్ల దగ్గర ఒక్కసారి మార్పించి ఊరుకున్నాను. ఈవీకి, అంటే ఎలక్ట్రిక్ కారుకు, ఆయిల్ మార్చే పని లేదు, దాంతో షాపుకు వెళ్లే అలవాటే పోయింది. పెట్రోలు కారైతే ఆయిల్ మార్చడానికి వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు కింద నుంచి టైరు చూసి చెప్పేవాళ్లు.

సెప్టెంబర్ 29, ఆదివారం

నాన్న జూన్ నుంచి ఇక్కడే ఉన్నారు. 32 ఏళ్లు ఆర్టీసీ డిపోలో టైర్ల సెక్షన్‌లో పనిచేసిన మనిషి. నేను అంకెలు రాసిన కాగితం చూపిస్తే దాన్ని పక్కన పెట్టి, "ముందు చక్రం ఊడదీయరా" అన్నారు. కుడి వెనక చక్రం విప్పి గరాజ్ నేల మీద పడుకోబెట్టాను. మా ఆవిడ వంటింట్లోంచి పీట తెచ్చి, "మావయ్య గారూ, మోకాళ్ల మీద కూర్చోకండి" అని వేసింది.

ఆయన కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. అరచెయ్యి టైరు మీద అడ్డంగా ఆనించి, బయటి నుంచి లోపలికి ఒకసారి, లోపలి నుంచి బయటికి ఒకసారి నిమిరారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని అదే పని చేయించారు. ఒకవైపు నిమిరితే నున్నగా జారింది. రెండోవైపు టైరు మీది ప్రతి రబ్బరు బటన్ అంచూ వేళ్లకు రంపం పళ్లలా తగిలింది.

"ఇది బరువుకు అరిగింది కాదురా. చక్రం పక్కకి ఈడ్చుకుంటూ తిరిగింది. టో పోయింది. అలైన్‌మెంట్ చేయించకుండా కొత్త టైర్లు వేశావనుకో, అవీ ఇలాగే పోతాయి." టో అంటే చక్రం నేరుగా ముందుకు చూడకుండా లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, దాన్ని సరిచేయడమే అలైన్‌మెంట్.

నేను నెల రోజులుగా చదివినవన్నీ బరువు గురించీ, మోటారు టార్క్ గురించీ. అవీ నిజమే. ఎలక్ట్రిక్ కారు బ్యాటరీతో బరువెక్కి ఉంటుంది, పెడల్ నొక్కగానే టార్క్ మొత్తం ఒక్కసారిగా టైరు మీద పడుతుంది, పెడల్ వదిలితే మోటారే బ్రేకులా మారి కరెంటు వెనక్కి తీసుకునే రీజెన్ అదే రబ్బరును వెనక్కి లాగుతుంది. అంటే పోతూ అరుగుతుంది, ఆగుతూ అరుగుతుంది. మోడల్ 3 వెనక చక్రాలు పైభాగం కాస్త లోపలికి వాలి ఉంటాయి, దాన్ని నెగటివ్ క్యాంబర్ అంటారు. మలుపులో పట్టు బాగుంటుంది, దాని బదులు లోపలి అంచు మీద ఎక్కువ భారం పడుతుంది. కానీ ఇవన్నీ రెండు పక్కలా సమానంగా ఉండాల్సినవి. కుడిపక్క 2.4, ఎడమపక్క 2.8 ఎందుకన్నది ఆ అరచెయ్యి చెప్పింది, నా గేజ్ చెప్పలేదు.

డిపోలో ఎలా చేసేవారని అడిగితే చాలాసేపు చెప్పారు. కొత్త టైర్లు ముందు చక్రాలకు, రీట్రెడ్ చేసినవి, అంటే పాతవాటికి కొత్త రబ్బరు అతికినవి, వెనక జంట చక్రాలకు వేసేవారట. ప్రతి టైరుకూ ఒక నంబరు, ఒక కార్డు. ఏ బస్సుకు ఎక్కింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎందుకు దిగింది అన్నీ అందులో రాసేవారు. రాత్రే నేనూ ఎనిమిది కార్డులు కత్తిరించాను. నాలుగు ఉన్న టైర్లకు, నాలుగు రాబోయేవాటికి.

అక్టోబర్ 5, శనివారం

అలైన్‌మెంట్ షాపు. యంత్రం మీద ఎక్కించి చూపించారు. కుడి వెనక చక్రం ముందుభాగం బయటికి తిరిగి, టో హద్దు దాటి ఎర్ర అంకెలో ఉంది. మిగిలిన మూడూ పచ్చలోనే. మన దగ్గర వానాకాలం రోడ్లు పోతాయి, ఇక్కడ మంచు కరిగే మార్చిలో గుంతలు పడతాయి. మార్చిలో ఐ-96 హైవే ఎక్కే ర్యాంప్ దగ్గర ఒక గుంతలో ఆ పక్క చక్రం బలంగా పడిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. సరిచేశాక ఇచ్చిన కాగితం కార్డుల డబ్బాలో పెట్టాను.

అక్టోబర్ 13, ఆదివారం

నిన్న దసరా. అరిగిన టైర్లతోనే నిమ్మకాయలు తొక్కించాం. ఈరోజు ఎంపిక మీద కూర్చున్నాను.

మొదట తేల్చుకోవాల్సింది చలికాలం టైరు అసలెందుకు అన్నది. నాన్నకు చెప్పడానికి వంటింట్లోని కొబ్బరినూనె సీసా తెచ్చాను. మే నెలలో అది నీళ్లలా ఉండేది, ఇప్పుడు అడుగున గడ్డకట్టడం మొదలైంది, డిసెంబర్‌కి చెంచాతో గీకాలి. రబ్బరు అలా గడ్డ కట్టదు గానీ చలికి బిరుసెక్కడం మాత్రం నిజం. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి వెళ్లేకొద్దీ పట్టు తగ్గుతూ పోతుంది. చలికాలం టైరు మిశ్రమంలో సిలికా, ప్రత్యేకమైన నూనెలు, రెసిన్లు కలిపి, సున్నాకు బాగా దిగువన కూడా మెత్తగా ఉండేలా చేస్తారు. "మాకు ఎండకు టైరు పేలడం తెలుసు గానీ, చలికి బిగుసుకోవడం ఇప్పుడే వింటున్నా" అన్నారాయన.

రెండోది గాట్లు. చలికాలం టైరు ప్రతి బటన్ మీదా బ్లేడుతో కోసినట్టు సన్నని గాట్లు వందల కొద్దీ ఉంటాయి. వీటిని సైప్‌లు అంటారు. మంచుగడ్డ మీద టైరు రాపిడికి సన్నని నీటి పొర ఏర్పడుతుంది, జారేది దాని మీదే. గాట్లు ఆ నీటిని పీల్చుకుంటాయి, వాటి అంచులు గడ్డను గీరి పట్టుకుంటాయి. పెద్ద గాడులు పొడి మంచును తమలో కూరుకుంటాయి, ఎందుకంటే రబ్బరుకంటే మంచే మంచుకు బాగా అంటుకుంటుంది. లోతు ఎందుకు కావాలో ఇక్కడ అర్థమైంది. గాడి లోతు పోతే కూరుకునే చోటు పోతుంది, చాలా గాట్లు అడుగుదాకా ఉండవు కాబట్టి అవీ పోతాయి. వానకు 1.6 మిల్లీమీటర్లు చివరి హద్దు అయితే, మంచుకు 4 దగ్గరే ఆపేయాలి. నార్వేలో చలికాలం టైరుకు చట్టమే 3 మిల్లీమీటర్లు అడుగుతుంది. నా ఉన్న టైర్లు ఒక్కటీ ఆ 4 గీతకు పైన నికరంగా లేవు.

మూడోది గుర్తులు. టైరు పక్కన ఎం ప్లస్ ఎస్ అని ఉంటే మట్టికీ మంచుకూ పనికొస్తుందని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. అది గాడుల ఆకారం చూసి వేసే ముద్ర మాత్రమే, పరీక్ష ఏదీ ఉండదు. నా పాత టైర్ల మీద అది ఉంది. చూడాల్సింది మూడు శిఖరాల కొండ బొమ్మ, లోపల మంచుపువ్వు. ఆ గుర్తు రావాలంటే అదిమిన మంచు మీద ప్రామాణిక టైరుకంటే కనీసం 10 శాతం ఎక్కువ పట్టు చూపించాలి. అది కూడా ముందుకు లాగే పట్టే. బ్రేకు, మలుపు, గడ్డకట్టిన ఐసు ఆ పరీక్షలో లేవు. అందుకే అదే గుర్తున్న ఆల్ వెదర్ టైరుకూ అసలైన చలికాలం టైరుకూ ఐసు మీద చాలా తేడా ఉంటుంది. జర్మనీలో ఈ నెల 1 నుంచి ఉత్త ఎం ప్లస్ ఎస్ టైర్లు చలికాలానికి చెల్లవు, మంచుపువ్వు ఉండాల్సిందే. కెనడాలో క్యుబెక్ రాష్ట్రం డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా చలికాలం టైర్లు తప్పనిసరి చేసింది. మిషిగన్‌లో అలాంటి చట్టం లేదు, మన ఇష్టానికి వదిలేశారు. నాకు ఆ చట్టం ఇక్కడా ఉండాలనే ఉంది.

ఒక సంగతి ఆశ్చర్యపరిచింది. మామూలు టైరు పక్కన ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది, నా పాతవాటికి 500. టెక్సస్‌లో శాన్ ఏంజెలో చుట్టూ 7,200 మైళ్లు తిప్పి, 100 అని పెట్టుకున్న ప్రామాణిక టైరుతో పోల్చి ఇచ్చే అంకె అది. చలికాలం టైర్లకు ఆ నియమం నుంచి మినహాయింపు ఉంది, వాటి మీద ఆ అంకే ఉండదు. అంటే ఎంత మన్నుతుందో ముందుగా పోల్చుకునే దారి లేదు, మనమే కొలుచుకోవాలి.

నాలుగోది బరువు మోసే సూచిక. నా టైరుకు 98 అని ఉంది, అంటే ఒక్కో టైరు 750 కిలోలు మోస్తుంది. ధర తక్కువని 94 సూచిక టైరు ఒకటి కనిపించింది, అది 670 కిలోలు. నాలుగింటికీ కలిపి లెక్కేస్తే సరిపోయేట్టే ఉంటుంది. కానీ కుటుంబం, సామాను వేసుకుని బ్రేకు తొక్కినప్పుడు బరువు నాలుగు చక్రాల మీదా సమానంగా పడదు. కంపెనీ పెట్టిన అంకె కంటే కిందికి వెళ్లకూడదు, పైగా ఎక్కువ బరువు మోసే ఎక్స్ఎల్ రకమే తీసుకోవాలి. ఈ కారుకు గాలి 42 పీఎస్ఐ.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి నోకియన్ హక్కపెలీటా ఆర్5. ఫిన్లాండ్ వాళ్లది. 1934లో ప్రపంచంలోనే మొదటి చలికాలం టైరు చేసింది వాళ్లే, హక్కపెలీటా పేరు 1936 నుంచి ఉంది. దాని ట్రెడ్‌లోనే, అంటే రోడ్డుకు తగిలే పైభాగంలోనే, మంచుపువ్వు బొమ్మ చెక్కి ఉంటుంది, 4 మిల్లీమీటర్లకు అరగగానే అది మాయమవుతుంది. గేజ్ లేనివాళ్లకు కూడా తెలిసిపోతుంది. ఈ ఆలోచన నాకు ఎంతగానో నచ్చింది. రెండోది మిషెలిన్ ఎక్స్-ఐస్ స్నో, బరువు సూచిక 98, ఎక్స్ఎల్. చలికాలం టైరుకు అరుదుగా దొరికే మైలేజీ హామీ దీనికి ఉంది, 40,000 మైళ్లు. మా దగ్గర రోజూ ఉప్పు చల్లిన తడి రోడ్డే ఎక్కువ, అసలు ఐసు నెలకు నాలుగైదు రోజులు. అరుగుదల నాకు ముఖ్యం కాబట్టి మిషెలిన్ వైపు మొగ్గాను. ఉత్తరాన ట్రావర్స్ సిటీ వైపో, అప్పర్ పెనిన్సులాలోనో ఉండి ఉంటే నోకియనే తీసుకునేవాణ్ణి.

వేరే రిమ్ములు కూడా తెప్పించాను. ఏటా రెండుసార్లు ఒకే రిమ్ముకు టైరు ఊడదీసి ఎక్కిస్తే టైరు అంచు దెబ్బతింటుంది, షాపు కూలీ కూడా మూడేళ్లలో రిమ్ముల ఖర్చంత అవుతుంది. గాలి సెన్సర్లు మాత్రం చూసి కొనాలి. మా కారుకు బ్లూటూత్ రకం కావాలి, పాత మోడల్ 3 సెన్సర్లు దీంతో మాట్లాడవు. అన్నీ కలిపి 1,850 డాలర్లు దాటింది.

అక్టోబర్ 26, శనివారం

చక్రాలు వచ్చాయి. విప్పగానే తయారీ తేదీ చూశాను. టైరు పక్కన డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు: 2824. అంటే 2024లో 28వ వారం. నాలుగూ అదే. ఈ అంకె టైరు ఒక పక్కే ఉంటుంది, కొన్నింటికి లోపలివైపు పడింది, తిప్పి చూడాల్సి వచ్చింది.

లోతు 8.3 మిల్లీమీటర్లు. బొటనవేలి గోరుతో బటన్ నొక్కితే గోరు దిగింది, తీయగానే మచ్చ మెల్లగా పూడింది. పక్కనే పాత టైరును అదే బలంతో నొక్కితే గోరే వెనక్కి వంగింది. పక్కన బాణం గుర్తు ఉంది, ఒక దిశలోనే తిరగాలి. కాబట్టి ముందు వెనకలు మార్చుకోవచ్చు గానీ కుడి ఎడమలు మార్చకూడదు. కార్డుల్లో రాశాను.

నవంబర్ 9, శనివారం. 32,790 మైళ్లు

పొద్దున 3 డిగ్రీల సెల్సియస్. వారం రోజులుగా తెల్లవారుజామున 7 దాటడం లేదు. నాన్న 18న విజయవాడ వెళ్లిపోతున్నారు, అందుకే ఈరోజే పెట్టుకున్నాం.

ఎలక్ట్రిక్ కారుకు జాకీ పెట్టేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. కింద అంతా బ్యాటరీయే. మోడల్ 3కి అడుగున నాలుగు చోట్ల గుండ్రటి రంధ్రాలుంటాయి, వాటిలో రబ్బరు బిళ్ల దూర్చి, సరిగ్గా దాని కిందే జాకీ పెట్టాలి. రెండంగుళాలు పక్కకు పడితే బ్యాటరీ పెట్టెకు సొట్ట పడుతుంది. ఆ మరమ్మతు ముందు టైర్ల ఖర్చు ఏ మూలకూ రాదు. నాన్న మొదటి చక్రానికి నన్ను పడుకుని చూడమన్నారు, రెండోదానికి తానే పడుకుని చూశారు.

చక్రం తీశాక, దాన్ని బిగించే హబ్ మీద ఎర్రగా తుప్పు. నేను కొత్త చక్రం ఎక్కించబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. తీగ బ్రష్‌తో లోహం మెరిసేదాకా రుద్దించారు. తుప్పు పొర మధ్యలో ఉంటే నట్టు బిగిసినట్టే ఉండి, నాలుగు రోజులకు పొర నలిగి వదులవుతుందట. తర్వాత ఐదు నట్లూ చేత్తో తిప్పి, నక్షత్రం గీసినట్టు ఒకటి విడిచి ఒకటి బిగించి, కారు దింపాక టార్క్ రెంచ్‌తో 129 ఫుట్-పౌండ్ల దగ్గర క్లిక్ అనేదాకా తిప్పాను. ఆయన ఊరుకోలేదు. చిన్న సుత్తితో ఒక్కో నట్టు మీదా కొట్టి చెవి దగ్గర పెట్టి విన్నారు. డిపోలో బిగుతు చూసేది ఇలాగేనట. "ఖణేల్‌మంటే సరి. బొద్దుగా మోగితే వదులు." ఇరవై నట్లూ ఖణేల్‌మన్నాయి.

కారు తెరలో సర్వీస్ మెనూలోకి వెళ్లి టైర్ల అమరిక మార్చాను. పాత టైర్లకు సుద్దతో కు.వె., ఎ.ము. అని రాసి గరాజ్ గోడ పక్కన పేర్చాను.

నవంబర్ 10. 50 మైళ్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించి చూశాను. ఒకటి కాస్త తిరిగింది. మిగిలినవి కదల్లేదు.

నవంబర్ 16, శనివారం

రేంజి (ఒక్క చార్జికి నడిచే దూరం) ఎంత పోయింది అన్నది ఈవీ ఉన్న ప్రతి తెలుగువాడూ అడిగే మొదటి ప్రశ్న, అందుకే జాగ్రత్తగా కొలిచాను. నోవై నుంచి ఐ-96 మీద బ్రైటన్ వెళ్లి రావడం. టైర్లు మార్చే ముందు రోజు సాయంత్రం 46 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఒకసారి, ఈ సాయంత్రం అదే 46లో ఒకసారి. గాలి రెండు రోజులూ లేదు, హీటర్ 68 డిగ్రీల మీద, వేగం 70 మైళ్ల మీద కట్టేశాను. మొదటిసారి మైలుకు 271 వాట్ అవర్లు, ఈసారి 286. అంటే ఐదు, ఐదున్నర శాతం. మెత్తటి రబ్బరు దొర్లేటప్పుడు ఎక్కువ నలుగుతుంది, ఆ నలుగుడుకు ఖర్చయ్యే కరెంటు ఇది. కొత్తలో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్కన 353 మైళ్లు అనిపించుకున్న కారుకు ఇది పదిహేను ఇరవై మైళ్ల కోత. బ్యాటరీని, లోపలి మనుషుల్ని వెచ్చబెట్టడానికి చలికాలం తీసుకునేది దీనికి ఎన్నో రెట్లు. నేను ఈ కోతకు సంతోషంగా ఒప్పుకున్నాను.

డిసెంబర్ 3, మంగళవారం

ఆఫీసుకు బయల్దేరిన పది నిమిషాలకు గాలి తక్కువ అని హెచ్చరిక. పంక్చర్ అనుకుని ఆపి చూస్తే నాలుగూ 37, 38 దగ్గర ఉన్నాయి. తప్పు నాదే. వెచ్చటి గరాజ్‌లో 58 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 42 కొట్టాను, బయట 18 ఉంది. ప్రతి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుదలకు సుమారు ఒక పీఎస్ఐ పడిపోతుంది. లెక్క సరిగ్గా సరిపోయింది. ఇక మీద కారు రాత్రంతా బయట ఉంచి, పొద్దున కదిలించకముందే గాలి కొడతాను. తక్కువ గాలితో తిరిగితే రెండు భుజాలూ అరుగుతాయి, ఎక్కువైతే మధ్య భాగం. ఇంత కష్టపడి లోపలి అంచును కాపాడుకుంటూ ఆ తప్పు చేయదల్చుకోలేదు.

జనవరి 18, 2025, శనివారం

రాత్రి నాలుగంగుళాల మంచు పడి, పొద్దుటికి గట్టిగా అణిగింది. మా బావమరిదిది కూడా మోడల్ 3 లాంగ్ రేంజే, వాడిది ఆల్ సీజన్ టైర్లు, 5 మిల్లీమీటర్లు ఉన్నాయి. ఖాళీ పార్కింగ్ లాట్ ఒకటి చూసుకుని, ఎవరూ లేరని నిర్ధారించుకుని, 20 మైళ్ల వేగంలో ఒక కోన్ దగ్గర బ్రేకు బలంగా తొక్కాం. మూడేసి సార్లు. ఆగిన చోటుదాకా అడుగులతో కొలిచాం.

నాది 44, 46, 45 అడుగులు. వాడిది 63, 68, 64.

తేడా ఇరవై అడుగుల దాకా. ఒక కారు పొడవు, పైన ఇంకో నాలుగైదు అడుగులు. 20 మైళ్ల వేగానికే ఇంత. వాడు మూడోసారి దిగి తన టైర్ల జాడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చూస్తూ నడిచి వచ్చాడు. "బావా, ఇవి దొరకడానికి ఎన్నాళ్లు పడుతుంది?" అన్నాడు. శీతాకాలం మధ్యలో సైజు దొరకడం కష్టం, సెప్టెంబర్‌లోనే చూసుకోవాలి. అయినా రాత్రికి నాలుగు షాపులకు ఫోన్ చేసి చివరికి ఫ్లింట్‌లో ఒక సెట్టు పట్టుకున్నాడు.

జనవరి 21, మంగళవారం

విపరీతమైన చలి. పొద్దున తెర మీద పవర్ గీత పక్కన చుక్కలు కనిపిస్తున్నాయి, బ్యాటరీ చల్లబడి రీజెన్ పరిమితమైందని అర్థం. పెడల్ వదిలితే కారు రోజూలా ఆగదు, జారుకుంటూ పోతుంది. అలవాటు మీద నడిపేవాళ్లకు ఇది ప్రమాదం. సెట్టింగుల్లో రీజెన్ తగ్గినప్పుడు బ్రేకులే పట్టేలా పెట్టుకునే వీలుంది, అది ఆన్ చేసి ఉంచాను. ఐసు మీద రెండో చిక్కు కూడా ఉంది. పెడల్ మీది కాలు ఒక్కసారిగా తీసేస్తే రీజెన్ వెనక చక్రాలను గట్టిగా పట్టుకుంటుంది, మలుపులో అయితే వెనకభాగం పక్కకు తూగుతుంది. కారు మెల్లగా వేగం అందుకునే చిల్ మోడ్‌లో పెట్టి, కాలు మెల్లగా ఎత్తడం మా ఆవిడ నాకంటే ముందు నేర్చుకుంది.

ఫిబ్రవరి 16, ఆదివారం

రాత్రంతా వాన పడి దాని మీద మంచు. సరిగ్గా పోయినేడాది లాంటి పొద్దు. గుడికి బయల్దేరాం. దిగువలో 15 మైళ్లు. బ్రేకు తొక్కితే ఏబీఎస్ రెండుసార్లు మాత్రం కదిలి ఆగింది. కారు గీతకు ఆరడుగుల ఇవతల నిలబడింది. మా ఆవిడ సీటు పక్క పిడి పట్టుకున్న చెయ్యి వదిలి, "మావయ్య గారికి ఫోన్ చేసి చెప్పండి" అంది.

ఏప్రిల్ 6, ఆదివారం. 37,660 మైళ్లు

వారంగా పగలు 10 డిగ్రీల సెల్సియస్ దాటుతోంది. వెచ్చబడ్డాక ఈ మెత్తటి రబ్బరు తొందరగా అరుగుతుంది, ఆలస్యం చేయకూడదు. చక్రాలు దింపి, గాడుల్లో ఇరుక్కున్న గులకరాళ్లు స్క్రూడ్రైవర్‌తో తీసి, నీళ్లు కొట్టాను. ఉప్పు మొత్తం తెల్లగా కారింది. డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పు గని ఉంది, మా రోడ్ల మీద పడేది చాలావరకు అలాంటి ఉప్పే. దాని వెనకే నల్లటి నీళ్లు కారాయి.

ఆ నల్లనీళ్లు చూసి లెక్కేశాను. ఈ శీతాకాలం 4,870 మైళ్లలో నాలుగు టైర్ల నుంచీ కలిపి కిలోకు కాస్త అటూ ఇటూ రబ్బరు రోడ్డు మీద రాలింది. టైరు పగుళ్లు పట్టకుండా కలిపే సిక్స్‌పీపీడీ అనే రసాయనం ఓజోన్ తగిలి మారి వాననీటితో వాగుల్లోకి చేరుతుందని, వాషింగ్టన్ రాష్ట్రంలో కోహో సాల్మన్ చేపలు చనిపోతున్నది దానివల్లేనని 2020లో పరిశోధకులు తేల్చారు. బరువైన కారు నడిపేవాడిగా ఇది నాకు పట్టాల్సిన విషయమే. అలైన్‌మెంట్ సరిగ్గా ఉంచడం, గాలి సరిగ్గా కొట్టడం, పెడల్ మీద కాలు తేలిగ్గా ఉంచడం అనే మూడూ డబ్బుకే కాదు, ఆ కిలోను తగ్గించడానికి కూడా.

కొలతలు. ముందువి రెండూ 7.7. వెనకవి బయట 7.5, మధ్యలో 7.5, లోపల 7.4. వెనక అరుగుదల ఎక్కడ చూసినా 0.9 దాటలేదు. 8.3 నుంచి 4 దాకా ఉన్నది 4.3 మిల్లీమీటర్లు. ఏటా ముందు వెనకలు మార్చుకుంటూ ఈ లెక్కన ఐదు శీతాకాలాలు వస్తాయి. ఆ తర్వాత లోతు ఉన్నా రబ్బరు వయసు చూడాలి. నాలుగు కార్డులూ పూర్తిచేసి, వచ్చే నవంబర్‌లో ఏది ఎక్కడ ఎక్కాలో సుద్దతో రాశాను. పాత ఆల్ సీజన్ టైర్లలో వెనకవి రెండూ పనికిరావు, ముందువి కూడా ఇంకో వానాకాలానికి నమ్మను. వేసవికి కొత్త సెట్టు ఆర్డర్ పెట్టాను, 98 సూచికతోనే.

రాత్రి విజయవాడకు ఫోన్ చేశాను. అక్కడ అప్పుడే తెల్లవారింది, కాఫీ తాగుతున్నారు. రేంజి గురించి, ఖర్చు గురించి అడగలేదు.

"కుడి వెనకది లోపలంచు ఎంతుందిరా?"

"7.4, నాన్నా."

"ఎడమది?"

"అదీ 7.4."

"చెయ్యి పెట్టి చూశావా?"

ఫోన్ స్పీకర్‌లో పెట్టి గరాజ్‌లోకి వెళ్లాను. కుడి వెనక టైరు మీద అరచెయ్యి ఆనించి అటూ ఇటూ నిమిరాను. రెండువైపులా నున్నగానే ఉంది.